తప్పు చేయడానికి ఒక గది

1994 సెప్టెంబరులో సూరత్ న్యూ సివిల్ ఆసుపత్రికి ఒకే రకం రోగులు వరసగా రావడం మొదలైంది. ఒళ్లు కాలిపోయే జ్వరం, దగ్గు, ఛాతీలో నొప్పి, కఫంలో రక్తం. నిన్నటిదాకా బాగా తిరిగిన మనిషి ఇవాళ ఊపిరందక అల్లాడుతున్నాడు. ఊపిరితిత్తులకు పట్టే ప్లేగు అది. ఆ ఏడాదికి ముందు మన దేశంలో మనుషులకు ప్లేగు చివరిసారి సోకింది 1966లో. మధ్యలో 28 ఏళ్లు గడిచిపోయాయి. ఆ వార్డుల్లో నిలబడ్డ జూనియర్ డాక్టర్లు ఆ జబ్బు గురించి పుస్తకంలో చదివినవాళ్లే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. రోగిని మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఊళ్లోంచి లక్షల మంది రైళ్లూ బస్సులూ పట్టుకుని వెళ్లిపోయారు. ప్రైవేటు డాక్టర్లు చాలామంది క్లినిక్కులకు తాళాలు వేశారు. ఆ ఆసుపత్రికి అనుబంధమైన ప్రభుత్వ వైద్య కళాశాలలో మిగిలినవాళ్లు మూతికి గుడ్డ కట్టుకుని, టెట్రాసైక్లిన్ ఇస్తూ పని నేర్చుకున్నారు. నేర్చుకుంటూనే వైద్యం చేశారు. మరుసటి ఏడు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు ఆ నగరాన్ని ఎలా కడిగించారో చాలామందికి తెలుసు. వార్డులో జరిగిన చదువు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆ చదువులో ఉన్న చిక్కు ప్లేగుది మాత్రమే కాదు. ఇంటర్న్‌గా చేరిన మొదటి వారంలోనే కళ్లెదుట ఒకరి గుండె ఆగిపోవచ్చు. అప్పుడు ఏం చేయాలో అయిదు మార్కుల ప్రశ్నకు రాసినట్టు రాస్తే రోగి లేవడు. పుస్తకంలో ఉన్నదాన్ని చేతిలోకి, చెవిలోకి, నోటిమాటలోకి ముందుగానే దించడం ఎలా? గత అరవై ఏళ్లలో బొమ్మలు, రికార్డు చేసిన శబ్దాలు, కంప్యూటర్లు, నటించే రోగులు ఒక్కొక్కటిగా తరగతిలోకి వచ్చింది ఇందుకే. వీటన్నిటినీ కలిపి ఇప్పుడు లెర్నింగ్ టెక్నాలజీ అంటున్నారు. ఆ పేరు వినగానే పెద్ద తెర, ఖరీదైన యంత్రం గుర్తొస్తాయి. చదువు చెప్పేది నిజానికి ఆ రెండూ కావు.

తెలిసినట్టే ఉంటుంది

ముందు బుర్రలో ఏం జరుగుతుందో చూద్దాం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు సార్లు చదువుకుంది. ఇంకో జట్టు ఒక్కసారే చదివి, మూడు సార్లు పుస్తకం మూసేసి గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన జట్టుదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రెండో జట్టుకు 71. వారం తర్వాత మళ్లీ అడిగారు. నాలుగు సార్లు చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది. పుస్తకం మూసి రాసినవాళ్లకు 61.

కారణం ఏమిటంటే, జ్ఞాపకాన్ని లోపలికి పంపడం ఒక పని, అవసరమైనప్పుడు బయటికి లాగడం ఇంకో పని. చదువుతున్నంతసేపూ మొదటిదే జరుగుతుంది. చూసిన పేజీనే మళ్లీ చూస్తే కళ్లకు అలవాటు పడి, ఇది నాకు వచ్చు అన్న భ్రమ కలుగుతుంది. లాగే ప్రతిసారీ ఆ దారి గట్టిపడుతుంది, లాగబోయి దొరక్క ఇబ్బంది పడినప్పుడైతే ఇంకాస్త. రాత్రంతా పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లవాడు వైవాలో బిక్కమొహం వేయడానికి సోమరితనం కారణం కాదు. అతను చేసిన సాధన వేరు, అక్కడ అడిగిన పని వేరు.

అందుకే కళాశాల వెబ్‌సైట్‌లో పాఠాల స్లయిడ్లు, రెండు గంటల వీడియోలు పోగుపోస్తే ఒరిగేది తక్కువ. అవి మళ్లీ చదివించే సాధనాలు. పాఠం మధ్యలో ఆపి, ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగి, జవాబు ఎందుకు తప్పో ఆ నిమిషంలోనే చెప్పే సాదా క్విజ్ అంతకంటే మేలు. మూడ్ల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 2002 నుంచీ ఉంది. దానికి లైసెన్సు ఖర్చు లేదు. కానీ ఆ ప్రశ్నలు రాయడానికి ఎవరో ఒకరు కూర్చోవాలి.

బొమ్మకు ఊపిరి

చేతి పనికి వచ్చేసరికి చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. ఆగిన గుండెను నడిపించడానికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి నొక్కు పెద్దవాళ్లలో అయిదు నుంచి ఆరు సెంటీమీటర్లు దిగాలి. నొక్కిన ప్రతిసారీ చెయ్యి బరువు పూర్తిగా తీసేయాలి, లేకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు, తర్వాతి నొక్కులో బయటికి పోవడానికి ఏమీ ఉండదు. ఈ వాక్యం ఎవరైనా రెండు నిమిషాల్లో బట్టీ పట్టగలరు. అయిదు సెంటీమీటర్లంటే ఎంత బలమో మాత్రం చేతికి తెలియదు. కొత్తవాళ్లు చాలామంది పక్కటెముక విరుగుతుందేమోనని భయపడి పైపైన నొక్కుతారు. మరికొందరు చెయ్యి ఎత్తకుండా వాలిపోతారు. నిజమైన రోగి ఆ క్షణంలో ఏమీ చెప్పడు.

తప్పును చెప్పే బొమ్మలకు మూలమైన బొమ్మను 1960లో నార్వేలోని స్టావాంగర్‌లో అస్మండ్ లేర్డల్ అనే ఆటబొమ్మల తయారీదారు చేశాడు. మెత్తని ప్లాస్టిక్‌తో పిల్లల బొమ్మలు చేసే ఆయనను వైద్యులు అడిగితే మనిషంత బొమ్మ తయారైంది. దాని ముఖం ప్యారిస్‌లో సీన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే ఒక అనామక యువతి మాస్కు నుంచి తీసుకున్నది. ఆ కథలో నిజమెంతో ఎవరికీ తెలియదు గానీ, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది ఊపిరి పోయబోయిన ముఖం అదే అయివుంటుంది.

బొమ్మ ఛాతీలో పెద్దవాళ్ల ఛాతీ అంత ఎదురొత్తే స్ప్రింగు ఉంటుంది. అది ఎంత దిగిందో, ఎంత పైకి లేచిందో కొలిచే పరికరం దాని పక్కన. సరైన లోతు తగిలితే టిక్కుమని శబ్దం. కొత్త రకాల్లో పచ్చ, ఎర్ర దీపాలు, లేకపోతే ఫోన్ తెర మీద గీత. అంతకుమించి అందులో మాయ ఏమీ లేదు. ఆ టిక్కు పాఠం మొత్తాన్ని మార్చేస్తుంది. నొక్కు తప్పయితే అర సెకను లోపల తెలుస్తుంది, తర్వాతి నొక్కులోనే సవరించుకోవచ్చు.

సూరత్ పవర్‌లూమ్ షెడ్లో పనిచేసిన తెలుగువాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. పేక దారం తెగగానే ఒక చిన్న పుల్ల లాంటి భాగం దాన్ని పసిగట్టి మగ్గాన్ని ఆపేస్తుంది. ఆ పుల్ల పనిచేయకపోతే మగ్గం శబ్దం చేస్తూనే ఉంటుంది, గుడ్డ చుట్టుకుంటూనే ఉంటుంది, లోపం మాత్రం గజాల కొద్దీ నేతలోకి పోతుంది. వార్డులో ఎవరూ గమనించని తప్పు కూడా అంతే, చేతిలో స్థిరపడిపోతుంది. ఇరవయ్యేళ్ల అనుభవం అని మనం అనుకునేది కొన్నిసార్లు ఒకే తప్పును ఇరవయ్యేళ్లు చేయడం.

మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన ఐసెన్‌బర్గ్ బృందం 2005లో, అంతకుముందు మూడు దశాబ్దాల్లో వచ్చిన 109 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసింది. ఇలాంటి యంత్రాలు ఎప్పుడు చదువు చెబుతాయి అన్న ప్రశ్నకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన జవాబు, చేసినదాని గురించి వెంటనే తిరిగి చెప్పడం. తర్వాతి స్థానంలో ఉన్నది పదేపదే చేయడం.

చెవికి కూడా చదువుంది

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది స్టెతస్కోపు. మెడలో వేసుకోవడం మొదటి రోజే వస్తుంది. వినడం చాలా మందికి డిగ్రీ పూర్తయినా రాదు.

గుండె కవాటాలు మూసుకున్నప్పుడు లబ్, డబ్ అని రెండు చప్పుళ్లు వస్తాయి. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై కీళ్లవాతంగా మారే జ్వరం కొందరిలో గుండె ఎడమవైపు కవాటాన్ని గట్టిపరిచి ఇరుకు చేస్తుంది. మన దేశంలో పేద ఇళ్లలో ఇది ఇంకా ఉంది. ఇరుకైన ఆ దారిగుండా రక్తం పోతున్నప్పుడు డబ్‌కూ తర్వాతి లబ్‌కూ మధ్య, చాలా కింది స్థాయిలో గురగురమనే శబ్దం పుడుతుంది. మనిషి చెవి సహజంగానే అంత కింది స్థాయి శబ్దాలకు మందకొడి. పైగా గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఒక్కో చక్రానికి దొరికేది 0.8 సెకన్లు. అందులో సగం పైచిలుకు వ్యవధిలోనే ఈ గురగుర వచ్చి పోవాలి.

మొదటిసారి వినే విద్యార్థి చెవికి ఆ శబ్దం చేరుతూనే ఉంటుంది. మెదడులో మాత్రం దాన్ని పెట్టుకోవడానికి గూడు ఉండదు. ఆ గూడు కట్టుకోవడానికి ఒకే శబ్దాన్ని చాలాసార్లు, మామూలు గుండె చప్పుడుతో పోల్చుకుంటూ వినాలి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ బారెట్ అనే హృద్రోగ నిపుణుడు 2004లో ప్రచురించిన పనిలో విద్యార్థులకు ఒక్కో రకం శబ్దాన్ని 500 సార్లు వినిపించాడు. గుర్తుపట్టే శక్తి అమాంతం పెరిగింది. 500 అంటే భయపడక్కర్లేదు. నిమిషానికి 72 లెక్కన ఏడు నిమిషాల పని. ఆరు రకాలకు ముప్పావు గంట కూడా పట్టదు.

ఇప్పుడు వార్డు సంగతి చూడండి. సూరత్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఏటా 250 మంది ఎంబీబీఎస్‌లో చేరతారు. అలాంటి కవాటం ఉన్న రోగి దొరికిన రోజున ఆ మంచం చుట్టూ ఓ జట్టు గుమిగూడుతుంది. ఒక్కొక్కరికి వినడానికి దొరికేది కొన్ని గుండె చప్పుళ్లు. ఆయాసపడే మనిషిని ఇంకా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం న్యాయం కాదు, ఆ విషయం విద్యార్థికీ తెలుసు. వినబడిందా అని ప్రొఫెసర్ అడిగితే అందరూ తలూపుతారు. వినబడలేదని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? హెడ్‌ఫోన్లు, మంచి రికార్డింగు, ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే ఆ అబద్ధం చెప్పాల్సిన పని ఉండదు. ఇదే పని చేసే హార్వే అనే ఖరీదైన బొమ్మను మయామీలో 1968లోనే చూపించారు. చెయ్యి పెడితే నాడి కూడా తగిలే అద్భుతమైన యంత్రం. అది ఉంటే మంచిదే. లేదని ఈ పాఠం ఆగిపోవడానికి మాత్రం కారణం కనిపించదు.

రోగిగా నటించే మనిషి

సూరత్‌లో రెండో పెద్ద వైద్య కళాశాలను నగర పాలక సంస్థే నడుపుతుంది. స్మిమర్ అంటారు. ఉన్నది ఉమర్‌వాడలో. రైలు పట్టాల అవతల లింబాయత్. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. నగర పాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం పెట్టాల్సినంత మంది. వాళ్లతోపాటు ఒడియా, మరాఠీ, భోజ్‌పురి మాట్లాడే కార్మికులు. పాఠం ఇంగ్లీషులో, వార్డు గుజరాతీలో, రోగి బాధ ఇంకో భాషలో.

2019 బ్యాచ్ నుంచి దేశమంతటా అమలైన కొత్త పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడటం, మనసు నొప్పించకుండా చెడ్డ వార్త చెప్పడం కూడా నేర్పి పరీక్షించాల్సిన విషయాలయ్యాయి. చేరిన కొత్తలో స్థానిక భాష నేర్పాలని కూడా ఉంది. వీటికి యంత్రం పనికిరాదు. 1963లో లాస్ ఏంజెలస్‌లో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. చిత్రకారులకు మోడల్‌గా ఉండే ఒక మహిళకు నరాల జబ్బు లక్షణాలన్నీ నేర్పి, విద్యార్థుల ముందు రోగిగా కూర్చోబెట్టాడు. తోటి వైద్యులు మొదట నవ్వారు. ఆ నటించే రోగి తర్వాత చెప్పగలిగింది నిజమైన రోగి ఎన్నడూ చెప్పడు: నా మొహం చూడకుండా కాగితం చూస్తూ మాట్లాడావు, నొప్పి ఎక్కడని అడిగి జవాబు వినకుండా ఇంకో ప్రశ్న వేశావు అని. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ దీన్నే పరీక్షగా మలిచాడు. వరసగా గదులు, గదికొక పని, గంట మోగితే పక్క గదికి. ఇప్పుడు మన కళాశాలల్లో ఆస్కీ అని పిలిచే పరీక్ష అదే.

సూరత్‌లో అయితే ఈ నటులకు కొదవ ఉండకూడదు. లింబాయత్‌లో రిటైరైన నేతకార్మికుడి కంటే బాగా పవర్‌లూమ్ దుమ్ము దగ్గును, మగ్గం మోతకు మందగించిన వినికిడిని ఎవరు నటించగలరు? సగం తెలుగు, సగం హిందీలో చెప్పే ఆయనతో పది నిమిషాలు మాట్లాడి, అర్థంకానిది మళ్లీ అడగడం నేర్చుకున్న గుజరాతీ విద్యార్థికి వార్డులో కంగారు తగ్గుతుంది. ఇది నా ఊహ మాత్రమే. ఖర్చు మాత్రం ఆయన రానుపోను ఆటో చార్జీ, ఓ పూట కూలీ.

---

విడిగా: ప్రశ్నకు కూడా పరీక్ష

విద్యార్థికి మార్కులు వేసే ప్రశ్న మంచిదో కాదో తేల్చేదెవరు? కంప్యూటర్‌లో పరీక్ష పెడితే ఇది తేలిక. 250 మంది రాశారనుకోండి. మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతం మందిని, అంటే 67 మందిని ఒక పక్క పెట్టండి. కిందనున్న 67 మందిని ఇంకో పక్క. ఒక ప్రశ్నకు పైజట్టులో 60 మంది, కిందిజట్టులో 20 మంది సరైన జవాబు పెట్టారంటే ఆ ప్రశ్న తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ చక్కగా విడదీస్తోంది. రెండు జట్లలోనూ 65 మంది పెడితే అది మరీ తేలిక. కిందిజట్టులో 40 మంది, పైజట్టులో 15 మంది పెట్టారా? అనుమానం విద్యార్థుల మీద పడకూడదు. చాలాసార్లు జవాబుల పట్టికలోనే తప్పు ఉంటుంది, లేకపోతే ప్రశ్నకు రెండు అర్థాలొస్తాయి. బాగా చదివినవాడే ఆ రెండో అర్థాన్ని గమనించి బోల్తాపడతాడు. ఈ లెక్క చూడకుండా ఫలితాలు ప్రకటించే విభాగాలు పిల్లలకు అన్యాయం చేస్తున్నట్టే.

---

ఇరవై డాలర్ల బొమ్మ

బొమ్మ ఎంత నిజంలా ఉంటే చదువు అంత బాగా వస్తుందనుకోవడం సహజం. కంపెనీల ప్రతినిధులు చెప్పేదీ అదే. టొరంటోలో 2002లో దీన్ని పరీక్షించారు. మూత్రనాళంలోకి సన్నని గొట్టం పంపి రాయి తీసే పనిని ఒక జట్టుకు 3,700 డాలర్ల బొమ్మ మీద నేర్పారు. ఇంకో జట్టుకు బోర్లించిన కప్పు, రబ్బరు గొట్టం, రెండు స్ట్రాలతో చేసిన 20 డాలర్ల నమూనా మీద. చివర పరీక్ష పెడితే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండు జట్లూ ఉత్త పాఠం విన్న మూడో జట్టు కంటే మెరుగ్గా చేశాయి. చేతికి కావలసినది చర్మం రంగు కాదు, కదలికల వరస. మొదటి మెట్లకు అది చాలు. పైమెట్లకు ఖరీదైనది అవసరం పడవచ్చు, దాన్ని కొట్టిపారేయలేం.

అదే ఊళ్లో 2006లో ఇంకో సంగతి తేలింది. 38 మంది శస్త్రచికిత్స శిక్షణార్థులకు సన్నని రక్తనాళాలు కుట్టడం నేర్పారు. సగం మందికి నాలుగు పాఠాలూ ఒకే రోజు. మిగిలినవాళ్లకు వారానికొకటి. గంటలు సమానమే. నెల తర్వాత వారానికొకటి నేర్చుకున్నవాళ్ల చేయి స్పష్టంగా మెరుగ్గా ఉంది. రెండు పాఠాల మధ్య నిద్ర, మరపు, మళ్లీ గుర్తుతెచ్చుకోవడం జరుగుతాయి. ఆ విరామంలో కూడా మెదడు పని చేస్తూనే ఉంటుంది. ఈ లాభానికి యంత్రం ఏదీ కొనక్కర్లేదు, టైంటేబుల్ మారిస్తే చాలు. మన కళాశాలల్లో టైంటేబుల్ మార్చడం యంత్రం కొనడం కంటే కష్టమన్నది వేరే సంగతి.

తెర మీద శవాన్ని కోసి చూపించే బల్లల గురించి ఒక మాట. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం 1994లో ఒక మనిషి శరీరాన్ని మిల్లీమీటరు మందం చొప్పున 1,871 పొరలుగా ఫొటోలు తీసి అందరికీ ఇచ్చింది. అలాంటి బొమ్మలు వచ్చాక శరీరాన్ని ఏ కోణం నుంచైనా చూడటం సాధ్యమైంది. కళాశాల తనిఖీకి వచ్చినవాళ్లకు ముందు చూపించేది కూడా ఆ బల్లనే. అవయవం ఎక్కడుందో అది చక్కగా చెబుతుంది. నరానికీ రక్తనాళానికీ తాకితే తెలిసే తేడా, ఒక్కో మనిషిలో ఒక్కోలా ఉండే అమరిక దానికి తెలియవు. దేహదానానికి అది బదులు కాదు.

తాళం చెవి ఎవరి దగ్గర

2020లో జాతీయ స్థాయి నిబంధనలు ప్రతి వైద్య కళాశాలకూ స్కిల్ ల్యాబ్ తప్పనిసరి చేశాయి. 150 సీట్ల దాకా 600 చదరపు మీటర్లు, 200, 250 సీట్లయితే 800. ఇంజెక్షన్లకు, కుట్లకు, కాన్పుకు, పసిపిల్లల ఊపిరికి వేర్వేరు బొమ్మలు. నటించే రోగులను పరీక్షించడానికి కనీసం నాలుగు గదులు. చేసినదాన్ని రికార్డు చేసి కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు. అన్నిటికంటే తక్కువ మంది పట్టించుకునే వాక్యం ఒకటి అందులో ఉంది: దీనికంటూ ఒక సాంకేతిక అధికారి, తగినంత సహాయక సిబ్బంది ఉండాలని.

బొమ్మ కొన్న ఏడాదికి ఏమవుతుందో ఆలోచించండి. సూది గుచ్చిన చేతి చర్మం చిల్లులు పడి నీళ్లు కారుతుంది, మార్చాలి. కుట్లు వేసే రబ్బరు అయిపోతుంది, ఇండెంట్ పెట్టాలి. ఊపిరి సంచి చిరుగుతుంది. బ్యాటరీ పోతుంది. సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డు తెలిసిన మనిషి బదిలీ అయిపోతాడు. సూరత్ వానాకాలపు తేమకు రబ్బరు జిగటపడుతుంది. ఇవన్నీ చూసుకునే మనిషి లేకపోతే లక్షల బొమ్మ ప్లాస్టిక్ కవరు కప్పుకుని తనిఖీ కోసం ఎదురుచూస్తుంది. ఆ మనిషి ఉంటే, సాయంత్రం ఆరింటికి ఇద్దరు విద్యార్థులు వచ్చి అన్నా, ఇంకోసారి చేసుకుంటాం అని అడిగినప్పుడు తలుపు తెరుచుకుంటుంది. గుండె నొక్కే నైపుణ్యం కొన్ని నెలల్లోనే అరిగిపోతుంది కాబట్టి ఆ తలుపు ఏడాదికి ఒక్కసారి తెరిస్తే సరిపోదు. టీచింగ్ పోస్టుల గురించి కోర్టుల దాకా వెళ్లే మన వ్యవస్థ ఈ ఒక్క పోస్టు ఖాళీగా ఉందని గమనించడం అరుదు.

సూరత్‌కు వర్తించే నిబంధనలే విజయవాడకు, వరంగల్‌కు కూడా. ఈ ఏడు కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు కళాశాల చూడటానికి వెళ్లినప్పుడు సిమ్యులేటర్ ఉందా అని అడగకండి, ఉందనే చెబుతారు. స్కిల్ ల్యాబ్ వారంలో ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, రబ్బరు చర్మం ఆఖరిసారి ఎప్పుడు మార్చారు అని అడగండి. జవాబు ప్రిన్సిపాల్ కాకుండా రెండో సంవత్సరం విద్యార్థి చెప్పగలిగితే ఆ కళాశాలలో చేర్పించవచ్చు.